పాదం ఎముక విరిగితే

పొలం గట్టు మీద కాలు జారుతుంది. నీళ్ళ బిందె పాదం మీద పడుతుంది. మెట్టు దిగేటప్పుడు కాలు మడతపడుతుంది. కాసేపటికే పాదం వాస్తుంది. మర్నాటికి నల్లగా కములుతుంది. "బెణికింది, అదే పోతుందిలే" అనుకుని మనం పనిలోకి పోతాం.

కానీ అది బెణుకో, విరుగుడో పైకి చూసి చెప్పలేం. "వేళ్ళు కదులుతున్నాయి, నడుస్తున్నాను, ఎముక విరగలేదు" అంటారు చాలామంది. ఇది నిజం కాదు. ఒక్కో పాదంలో 26 ఎముకలు ఉంటాయి. వాటిలో సన్నటి ఎముక ఒకటి విరిగినా కొందరు నడవగలరు. అందుకే ఎక్స్‌రే తీయించుకోవాలి.

వాపు, నలుపు ఎందుకు వస్తాయి?

ఎముకలో కూడా నెత్తురు ఉంటుంది. ఎముక విరిగితే లోపల సన్నటి రక్తనాళాలు తెగుతాయి. నెత్తురు కారి చర్మం కింద చేరుతుంది. అదే నలుపు. దెబ్బను మాన్పడానికి శరీరం అక్కడికి నెత్తురు, నీరు ఎక్కువగా పంపుతుంది. అదే వాపు.

నీరు పల్లానికి పారుతుంది కదా! కారిన నెత్తురూ అంతే. అందుకే దెబ్బ పాదం మధ్యలో తగిలినా నలుపు వేళ్ళ దాకా దిగుతుంది. దానికి భయపడక్కర్లేదు. ఆ మచ్చ మెల్లగా ఆకుపచ్చగా, తర్వాత పసుపుగా మారుతుంది. రెండు మూడు వారాల్లో పోతుంది.

వెంటనే ఏం చేయాలి?

మొదట మెట్టెలు, పట్టీలు తీసేయండి. వాపు పెరిగితే అవి ఊడిరావు. వేలిని బిగించి నెత్తురు ఆడనివ్వవు. మెట్టెలు తీయకూడదని పెద్దలు అనవచ్చు. వాపు తగ్గాక మళ్ళీ పెట్టుకోవచ్చు. వేలు పోతే తిరిగి రాదు.

ఆ కాలు నేల మీద మోపకండి. పడుకుని, కాలి కింద దిండ్లు పెట్టండి. పాదం గుండె కన్నా ఎత్తుగా ఉండాలి.

ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి 15 నిమిషాలు పెట్టండి. రోజుకు మూడు నాలుగు సార్లు ఇలా చేయండి. ఐసు లేకపోతే చన్నీళ్ళలో తడిపిన గుడ్డ వేయండి.

నూనె రాసి తోమకండి. విరిగిన ఎముక పక్కకు జరుగుతుంది. కాపడం పెట్టకండి. వాపు పెరుగుతుంది. బద్దలు పెట్టి బిగించి కట్టించుకోకండి. లోపల వాపు పెరిగితే నెత్తురు ఆగిపోతుంది.

ఎన్నాళ్ళు పడుతుంది?

మొదటి రెండు మూడు రోజులు వాపు ఎక్కువ. ఎముక అతకడానికి సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. అతికాక కూడా కొన్ని నెలల పాటు మాపటికి పాదం వాస్తుంది. పొద్దున్నకి తగ్గితే కంగారు వద్దు.

ఇన్నాళ్ళు నీళ్ళు ఎవరు మోస్తారు? వంట ఎవరు చేస్తారు? ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి మాట్లాడండి. మగవాళ్ళూ, పిల్లలూ పని పంచుకోవాలి. డాక్టరు చెప్పకముందే బరువులు మోస్తే ఎముక సరిగా అతకదు. అప్పుడు మంచాన ఉండేది ఇంకా ఎక్కువ రోజులు.

ఇలా ఉంటే ఆలస్యం చేయకండి

వేళ్ళు చల్లబడినా, తెల్లగా గాని నీలంగా గాని మారినా, మొద్దుబారినా.

గోటిని నొక్కి వదిలితే వెంటనే మళ్ళీ ఎర్రబడకపోయినా.

కట్టు కట్టాక నొప్పి తగ్గకుండా పెరుగుతున్నా.

పిక్క వాచి నొప్పి పుట్టినా, ఆయాసం వచ్చినా.

చర్మం చిట్లి ఎముక కనిపించినా.

వీటిలో ఏ ఒక్కటి ఉన్నా అప్పుడే ఆసుపత్రికి వెళ్ళాలి. 108కి ఫోన్ చేయండి.

షుగరు జబ్బు ఉన్నవాళ్ళకు ఎముక విరిగినా నొప్పి తెలియకపోవచ్చు. పాదం వాచి, వేడిగా ఉంటే చాలు, డాక్టరుకు చూపించాలి.

ఆలోచించండి, చర్చించండి

1. కాలికి దెబ్బ తగిలితే మీ ఊళ్ళో మొదట ఏం చేస్తారు? అందులో ఏది మంచిది? ఏది కాదు?

2. మీ ఊరికి దగ్గరలో ఎక్స్‌రే ఎక్కడ తీస్తారు?

3. ఇంట్లో ఆడమనిషి రెండు నెలలు మంచాన ఉంటే ఆ పని ఎవరెవరు పంచుకోవాలి?