జేపీ గారు ఏ యుద్ధాలు ఎంచుకున్నారు? కూకట్‌పల్లి నుంచి మల్కాజిగిరి దాకా

ఈ ఎపిసోడ్ ఫిల్మ్ నగర్‌లో రికార్డ్ చేస్తున్నాం. ఇక్కడ రాజకీయం మాట్లాడితే టాపిక్ ఎటు తిరిగినా చివరికి హీరోల దగ్గరే ఆగుతుంది. ఎన్టీఆర్ గారు 1982 మార్చిలో పార్టీ పెట్టి 1983 జనవరికల్లా ముఖ్యమంత్రి అయిపోయారు కదా, ఆ లెక్క అందరి బుర్రల్లో అలాగే ఉండిపోయింది. ఇవాళ నేను చెప్పేది ఆ లెక్కకి అందని మనిషి గురించి. లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ్ గారు. ఇక్కణ్నుంచి ట్రాఫిక్ లేకపోతే అరగంటలో చేరే కూకట్‌పల్లికి 2009 నుంచి 2014 దాకా ఆయనే ఎమ్మెల్యే. మీలో చాలామందికి ఆయన యూట్యూబ్ ఇంటర్వ్యూల్లోనే పరిచయం అయ్యుంటారు.

ముందు ఆయన ఆలోచన ఏంటో చూద్దాం. అమెరికాలో లిబర్టేరియన్లు అని ఉంటారు. ప్రభుత్వం ఎంత చిన్నగా ఉంటే అంత మంచిది అంటారు వాళ్లు. జేపీ గారు పూర్తిగా ఆ టైపు కాదు. బడి, ఆస్పత్రి, పోలీసు, కోర్టు ఇవి ప్రభుత్వం బాగా నడపాలి, వ్యాపారాలు మాత్రం జనానికి వదిలెయ్యాలి అంటారు. చిల్లర వర్తకంలో విదేశీ పెట్టుబడులు రావచ్చు అని ఓపెన్‌గా సమర్థించారు. ఉచితాల మీద ఓట్లు అడగడం తప్పన్నారు. మన దగ్గర ఈ మాటలు చెప్పి ఓట్లు అడగడం ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఆయన డాక్టరు చదివి, 1980లో ఐఏఎస్‌లో చేరి, 1996లో రాజీనామా చేశారు. మామూలుగా ఇలా బయటికొచ్చినవాళ్లు ఏదో ఒక పార్టీ టికెట్ చూసుకుంటారు. ఈయన పదేళ్లు అసలు ఎన్నికల జోలికే పోలేదు. లోక్‌సత్తాని ఉద్యమంగా నడిపారు. నాకు ఈ కథలో బాగా నచ్చే భాగం ఇదే, కాస్త వివరంగా చెప్తా.

1999 ఎన్నికలప్పుడు నేరచరిత్ర ఉన్న అభ్యర్థుల జాబితా లోక్‌సత్తా బయటపెట్టింది. ఫలానావాడి మీద కేసులున్నాయని ఊళ్లో అందరికీ తెలిసినా, కాగితం మీద పెట్టి పేరు చదివినవాళ్లు లేరు అప్పటికి. తర్వాత విషయం సుప్రీంకోర్టుకి వెళ్లింది. అభ్యర్థులు కేసులు, ఆస్తులు, చదువు వివరాలు చెప్పాల్సిందే అని 2002 మేలో కోర్టు తీర్పిచ్చింది. పార్టీలకి ఇది మింగుడు పడలేదు. ఆ తీర్పుకి గండి కొట్టేలా చట్టాన్ని సవరించేశారు. దాన్ని సవాలు చేస్తూ మళ్లీ కోర్టుకెళ్లినవాళ్లలో పీయూసీఎల్, ఏడీఆర్‌తో పాటు లోక్‌సత్తా కూడా ఉంది. 2003 మార్చి 13న కోర్టు ఆ సవరణని కొట్టేసింది. ఇవాళ మీరు ఫోన్‌లో ఏ అభ్యర్థి అఫిడవిట్ అయినా తెరిచి, ఎన్ని కేసులు, ఎంత బంగారం, భార్య పేరు మీద ఎన్ని ఎకరాలు అని చూస్తున్నారంటే దాని వెనక ఉన్నది ఈ గొడవే.

గమనించండి, ఈ యుద్ధానికి ఒక్క ఓటు కూడా అక్కర్లేదు. వాదన గట్టిగా ఉండాలి, ఓపిక ఉండాలి. ఆ రెండూ ఆయన దగ్గర దండిగా ఉన్నాయి.

2006 అక్టోబర్ 2న లోక్‌సత్తా పార్టీ అయింది. ఇక్కడ నుంచి లెక్క మారింది. 2009లో రాష్ట్రమంతా అభ్యర్థుల్ని దింపారు. వచ్చిన ఓట్లు 2 శాతం లోపు. గెలిచింది ఒక్క కూకట్‌పల్లి, జేపీ గారు ఒక్కరే. ఫిల్మ్ నగర్ భాషలో చెప్తా. చిన్న సినిమాని నైజాం, సీడెడ్, ఆంధ్ర అన్ని ఏరియాల్లో ఒకేసారి వేస్తే ప్రతి హాల్లో పదిమందే కనిపిస్తారు. అదే పదిమందినీ నాలుగు హాళ్లకి చేరిస్తే హౌస్‌ఫుల్ బోర్డు పడుతుంది. మన ఎన్నికల పద్ధతి కూడా అంతే. ఎవరికి ఎక్కువ ఓట్లొస్తే వాళ్లదే సీటు, రెండోవాడికి సున్నా. అదే ఎన్నికల్లో చిరంజీవి గారి ప్రజారాజ్యానికి దాదాపు 16 శాతం ఓట్లొచ్చినా 294లో 18 సీట్లే దక్కాయి.

అందుకే జేపీ గారు ఏళ్ల తరబడి దామాషా పద్ధతి కావాలంటున్నారు, అంటే ఓట్ల శాతాన్ని బట్టి సీట్లు. కానీ అది మార్చాల్సింది పార్లమెంటు. 2014లో ఆయన కూకట్‌పల్లి వదిలి మల్కాజిగిరి లోక్‌సభకి నిలబడటంలో ఈ లాజిక్ ఉందని నేననుకుంటా. లాజిక్ కరెక్టే. మైదానమే చాలా పెద్దది. మల్కాజిగిరి అప్పటికి దేశంలోనే ఎక్కువ ఓటర్లున్న నియోజకవర్గం, 30 లక్షలకు పైనే. కూకట్‌పల్లి అందులో ఏడింట ఒక ముక్క. పైగా ఆ ఐదేళ్లూ తెలంగాణ తప్ప ఇంకో ప్రశ్నే వినపడలేదు. అటో ఇటో గట్టిగా నిలబడనివాడి మాట, అందులోనూ స్థానిక ప్రభుత్వాలు, లంచాలు, మద్యం గురించి మాట్లాడేవాడి మాట, ఎవరు వింటారు? ఓడిపోయారు. 2016లో లోక్‌సత్తా ఎన్నికల రాజకీయాల నుంచి తప్పుకుంది.

నన్నడిగితే ఆయన మరో ఐదేళ్లు కూకట్‌పల్లిలోనే ఉండి, చుట్టుపక్కల డివిజన్లలో కార్పొరేటర్లని గెలిపించుకుని ఉండాల్సింది. మా టీమ్‌లో ఒకబ్బాయి ఒప్పుకోవట్లేదు, ఎమ్మెల్యేగా ఇంకో ఐదేళ్లున్నా దామాషా పద్ధతి వచ్చేదా అంటాడు. అదీ నిజమే.

పోల్చి చూడండి. 2018 డిసెంబర్‌లో కొడంగల్‌లో ఓడిన రేవంత్ రెడ్డి గారు కొన్ని నెలలకే ఇదే మల్కాజిగిరిలో గెలిచి ఎంపీ అయ్యారు, 2023 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి. ఆయన వెనక ప్రతి బస్తీలో కార్యకర్త ఉన్న పెద్ద పార్టీ ఉంది. పవన్ కళ్యాణ్ గారు 2014లో పార్టీ పెట్టి పోటీయే చెయ్యలేదు. 2018లో విభజన హామీల లెక్క తేల్చడానికి జేపీ గారిని కూడా కూర్చోబెట్టి నిజనిర్ధారణ కమిటీ వేశారు. 2019లో గాజువాక, భీమవరం రెండూ పోయాయి, పార్టీకి రాజోలు ఒక్కటే మిగిలింది. 2024లో పొత్తులో 21 అసెంబ్లీ సీట్లు చాలన్నారు. తగ్గిపోయారని సొంత ఫ్యాన్సే తిట్టారు. 21కి 21 గెలిచి ఉప ముఖ్యమంత్రి అయ్యారు.

జేపీ గారు అలాంటి పొత్తుకి ఒప్పుకునేవారా? సీట్లొచ్చేవేమో. కానీ ఉచితాల మీద ఆ మాట అన్నేళ్లు అంత ఓపెన్‌గా అనగలిగేవారా అని నా డౌటు.

స్వేచ్ఛా మార్కెట్ మాట చెప్పి ఓట్లు తెచ్చుకున్న తెలుగువాడు అసలు లేడా అంటే ఉన్నాడు. 1959లో సహకార వ్యవసాయాన్ని వ్యతిరేకించి, కాంగ్రెస్ వదిలి స్వతంత్ర పార్టీ అధ్యక్షుడైన నిడుబ్రోలు రైతుబిడ్డ ఎన్.జి. రంగా గారు. ఆయన కథ వచ్చే ఎపిసోడ్‌లో.