గోధుమ లేని రొట్టె, దానికి తగిన తొక్కు



ఈ పూట ఎరువుల సంగతి, పురుగు మందుల సంగతి పక్కన పెట్టి, రొట్టె గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను. వ్యవసాయ శాఖ మనిషికి రొట్టెతో పనేమిటని అనుకోకండి. మనం పండించిన గింజ చివరకు చేరేది పెంక మీదికే గదా!

మన నెల్లికుదురు వైపు ఊళ్ళలో తల్లులు అడిగే ప్రశ్న ఒకటున్నది. "పిల్లగానికి గోధుమ పడదని డాక్టరు చెప్పిండు. చపాతీ వద్దు, బ్రెడ్డు వద్దు అంటే, ఇగ తొక్కు దేనిమీద పెట్టియ్యాలె?" అని. దీనికి జవాబు మన చేలోను, మన వంటింటిలోను ఉన్నది. అయితే కొన్ని మెలకువలు తెలిసి చేయవలెను.

ముందుగా, గోధుమ ఎవరికి పడదో చూద్దాం. గోధుమలో గ్లూటెన్ అనే బంక పదార్థం ఉన్నది. బార్లీలో కూడా ఇటువంటిదే ఉంటుంది. సీలియాక్ అనే జబ్బు ఉన్నవారికి ఈ బంక పేగు లోపలి పొరను దెబ్బతీస్తుంది. తిన్నది ఒంటికి పట్టదు. విరేచనాలు, కడుపు ఉబ్బరం, రక్తం తక్కువ కావడం, పిల్లలు ఎదగకపోవడం దీని గుర్తులు. హాలండు దేశంలో విల్లెం డిక్కె అనే పిల్లల వైద్యుడు దీని సంగతి కనిపెట్టినాడు. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ బ్రెడ్డు దొరకలేదు. దేశమంతా ఆకలితో అలమటిస్తుంటే, ఈ జబ్బు పిల్లలు మాత్రం తేరుకొన్నారు. బ్రెడ్డు మళ్ళీ రాగానే జబ్బు తిరగబెట్టింది. అంతకుముందే గోధుమ మీద అనుమానం ఉన్న ఆ వైద్యుడు 1950లో తన పరిశోధనను వెల్లడించినాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గోధుమ చెడ్డ గింజ కాదు. పడనివారికే అది పనికిరాదు. అనుమానం ఉంటే మీ అంతట మీరు మానివేయకండి. ముందు డాక్టరుకు చూపించండి. గోధుమ మానేసిన తరువాత రక్త పరీక్ష చేస్తే జబ్బు బయటపడకపోవచ్చును. జబ్బు ఉన్నదని తేలితే మాత్రం జీవితాంతం గోధుమ ముట్టరాదు. పండుగనాడు ఒక్క గరిజె అయినా సరే, కూడదు.

మరి బదులు ఏమిటి? మొదటిది జొన్న రొట్టె. మాంసకృత్తులలో జొన్న గోధుమకు తీసిపోదు. నూరు గ్రాముల జొన్నలో సుమారు 10 గ్రాముల మాంసకృత్తులు, 10 గ్రాముల పీచు ఉంటాయి. అయితే కొత్తగా చేసేవారు "జొన్న రొట్టె ఇరిగిపోతది, అంచులు పగులుతయి" అంటారు. కారణం వినండి. గోధుమ పిండిని పట్టి ఉంచేది ఆ గ్లూటెన్ బంకే. జొన్నలో అది లేదు. కాబట్టి ఆ పని మనం మరిగే నీళ్ళతో చేయించుకోవాలి. మరిగే నీళ్ళు తగిలితే పిండిలోని గంజి పదార్థం ఉబ్బి జిగురు తేలుతుంది.

గ్లాసు పిండికి ముప్పావు గ్లాసు నుండి గ్లాసు వరకు నీళ్ళు పడుతాయి. నీళ్ళు ఉప్పు వేసి మరిగించి, పిండి పోసి, కలియబెట్టి, పది నిమిషాలు మూత పెట్టండి. చెయ్యి ఓర్చుకొనేంత వేడి ఉండగానే అరచేతి మడిమతో బాగా మర్దించాలి. ఒక్కొక్క రొట్టెకు ముద్ద తీసుకొని, మళ్ళీ మర్దించి, పొడి పిండి చల్లుకొని తట్టండి. పెంక మీద వేసినాక, పొడి పిండి అంటిన వైపు పైకి ఉంచి తడిచేత్తో తుడవాలి. తడి ఆరగానే తిరగవేయాలి. ఇట్లా చేస్తే రొట్టె పొంగుతుంది, మడిచినా విరగదు. పిండి పాతదైతే ఎంత మర్దించినా లాభం లేదు. పది పదిహేను రోజులకు సరిపడా మాత్రమే పట్టించుకోవాలి.

మక్క రొట్టె, సజ్జ రొట్టె, తైద రొట్టె కూడా ఇదే విధం. సజ్జ పిండి తొందరగా చేదెక్కుతుంది గనుక వారానికి మించి నిల్వ ఉంచకండి. బూజు పట్టిన మక్కలను, పల్లీలను తినరాదు. ఆ బూజు విషం వండినా పూర్తిగా పోదు.

ఇక మన వరంగల్లు వైపు పేరుపడ్డది సర్వపిండి. బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఎల్లిగడ్డ, కారం, కరివేపాకు కలిపి, గంజు లోపల ఒత్తి, వేలితో బొక్కలు పెట్టి, నూనె పోసి కాలుస్తారు. దీనిని కొన్ని ఊళ్ళలో గిన్నప్ప అంటారు. ఇందులో గోధుమ రవ్వంత కూడా లేదు. బడికి పోయే పిల్లవాని డబ్బాలో బ్రెడ్డు ముక్కకు బదులు ఇది పెట్టవచ్చును.

రొట్టెను బట్టి తొక్కు ఉండాలి. జొన్న రొట్టె పొడిగా ఉంటుంది. దానికి నూనె, తడి ఉన్న తొక్కు కావాలి. పుంటికూర తొక్కు, టమాట తొక్కు, పల్లి తొక్కు బాగా నప్పుతాయి. మక్క రొట్టె కొంచెం తీపి గనుక దానికి పచ్చిమిరప తొక్కు మేలు. సర్వపిండిలో కారం ముందే ఉన్నది, దానికి పెరుగు చాలును. పిల్లలకు ఘాటు పనికిరాదంటే చపాటా మిరప వాడండి. రంగు ఎక్కువ, కారం తక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ మిరప ఇది. జొన్నలో లైసిన్ అనే పోషకం తక్కువ. కంది పచ్చడో, పప్పో తోడైతే ఆ లోటు తీరుతుంది.

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైన సంగతి. జొన్నలు మీవే అయినా గోధుమ మూడు దారుల గుండా ఇంట్లోకి వస్తుంది. మొదటి దారి గిర్ని. మీకన్నా ముందు గోధుమలు పట్టించినవారి పిండి రాళ్ళ నడుమ మిగిలి ఉంటుంది. సీలియాక్ జబ్బు ఉన్నవారికి అది చాలు, కీడు చేయడానికి. ఇంట్లో ఇసుర్రాయి ఉంటే, దానిని ఈ పిండికే ప్రత్యేకించడం మేలు. రెండవ దారి ఇంగువ. బజారులో డబ్బాల్లో అమ్మే ఇంగువలో చాలా వాటికి గోధుమ పిండి కలుపుతారు. డబ్బా మీద చదివి కొనండి, లేదా ఎల్లిగడ్డతో పోపు పెట్టండి. మూడవ దారి హోటలు. రొట్టె మెత్తగా రావాలని జొన్న పిండిలో గోధుమ పిండి కలిపేవారున్నారు. అడగకుండా తినకండి. బొంబాయి రవ్వ, సేమియా, మైదా బిస్కట్లు అన్నీ గోధుమే అని ఇంటిల్లిపాదికీ తెలియాలి. సకినాలు బియ్యప్పిండివే గనుక, వేరే నూనెలో కాల్చితే భయం లేదు.

చక్కెర వ్యాధి ఉన్నవారికి ఒక మాట. జొన్న రొట్టె మంచిదేగాని, లెక్క లేకుండా తింటే అదీ చక్కెర పెంచుతుంది.

చివరకు నా శాఖ మాట. రొట్టెకు గింజ కొనుక్కోవడమెందుకు? యాసంగిలో పది గుంటలు తెల్ల జొన్న వేయండి. ఎకరాకు నాలుగు కిలోల లెక్కన పది గుంటలకు కిలో విత్తనం చాలును. సెప్టెంబరు చివర నుండి అక్టోబరు నడుమ విత్తాలి. ఆలస్యమైతే మొవ్వు ఈగ మొలకలను చంపుతుంది. "పిట్టల బాధ పడలేక జొన్న ఇడిసిపెట్టినం" అని పెద్దలంటారు, అది నిజం. ఒక్కరే వేస్తే పిట్టలన్నీ ఆ మడి మీదనే వాలుతాయి. కాబట్టి ఒడ్డు కలిసిన నలుగురు రైతులు ఒకే వారంలో విత్తి, కావలి వంతులు వేసుకొంటే నష్టం తగ్గుతుంది. గింజ ఇంటికి, చొప్ప పశువులకు.

గోధుమ పడని పిల్లవాడు ఊరిలో ఒక్కడే ఉండవచ్చు. ఆ ఒక్కని కోసమైనా నాలుగు మళ్ళలో జొన్న నిలవాలి.