వార్తల్లో పదం: జీవవైవిధ్య వారసత్వ స్థలం

హార్స్లీ హిల్స్‌లో పేరుపెట్టి పిలిచే చెట్టు ‘కల్యాణి’. 1859లో నాటారని చెప్పే యూకలిప్టస్; పుట్టిల్లు ఆస్ట్రేలియా. హార్స్లీ హిల్స్‌కు ఏనుగు మల్లమ్మ కొండ అన్న పాత పేరు ఉన్ననాటి నుంచీ అక్కడే పెరుగుతున్న మన చెట్లకు మాత్రం పేరూ లేదు, పలకా లేదు. అలాంటివాటికి ఊరే రక్షణ అడగగలిగే దారి 2002 నాటి జీవవైవిధ్య చట్టంలో ఉంది.

సెక్షన్ 37 ప్రకారం స్థానిక సంస్థలను సంప్రదించి రాష్ట్ర ప్రభుత్వం ఒక చోటును ‘జీవవైవిధ్య వారసత్వ స్థలం’గా నోటిఫై చేయవచ్చు. దేశంలో మొదటిది దూరమేమీ కాదు: బెంగళూరు దగ్గర దేవనహళ్లి పక్కన నల్లూరు చింతతోపు, 54 ఎకరాలు, 2007లో. తెలంగాణలో అమీన్‌పూర్ చెరువుకు 2016లో ఆ గుర్తింపు దక్కింది.

గుర్తింపు వస్తే పుల్ల ముట్టుకోనివ్వరని జనం భయం. నిజానికి స్థానికులు తమంతట తాము ఒప్పుకుంటే తప్ప వారి వాడుకలపై ఆంక్షలు ఉండకూడదని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఎవరి బతుకుతెరువైనా దెబ్బతింటే ప్రభుత్వం పరిహార పథకం పెట్టాలి.

సెక్షన్ 41 కింద స్థానిక సంస్థల్లో జీవవైవిధ్య యాజమాన్య కమిటీలు ఉండాలి. ఊళ్లోని చెట్టూ చేమా వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్ రాయడం వీటి పని. అసలు బలం ఈ రిజిస్టర్‌దే. కాగితం మీద లేని చెట్టు కోసం వాదించడం కష్టం.