పియానో ఎడమచెయ్యి పడిపోతే...

ప్లేయర్ పియానో అంటే మనిషి వేలు పెట్టకుండా తనంతట తానే వాయించుకునే పియానో. 19వ శతాబ్దం చివర్లో అమెరికాలో ఎడ్విన్ వోటీ తయారుచేసిన 'పియానోలా' లాంటివి చిల్లులు పొడిచిన కాగితపు చుట్టతో, గాలి తిత్తులతో నడిచేవి. ఇప్పటివాటిలో కాగితం బదులు డేటా, తిత్తుల బదులు సొలినాయిడ్లు. అవే, మనం ఫస్టియర్ ఫిజిక్స్‌లో చదివి మర్చిపోయిన విద్యుదయస్కాంతాలు!

డాలస్‌లో మా బాబాయ్ వాళ్ళింట్లో ఇలాంటిది ఒకటుంది. చెల్లి ఏడో ఏట నుంచి దానిమీదే నేర్చుకుంది. మనం వాయించింది రికార్డు చేసుకోవడం కూడా దానికి వచ్చు. పదేళ్ళలో చెల్లి వాయించిన నలభై పైచిలుకు పాటలు దాని మెమరీలోనే ఉన్నాయి. తను చదువుకి వేరే ఊరు వెళ్ళాక, పిన్ని సాయంత్రాలు ఒక పాట పెట్టుకుని వంట చేసుకుంటుంది.

మొన్న వేసవిలో ఎడమచేతి వైపు వరుసగా పదహారు మెట్లు కదలడం మానేశాయి. కంపెనీ సపోర్ట్‌కి ఫోన్ చేస్తే "ఫ్యాక్టరీ రీసెట్ చేయండి" అన్నారట. మరి రికార్డు చేసిన పాటలో? "అవి పోతాయి." పిన్ని ఒప్పుకోలేదు. బాబాయ్ నాకు వీడియో కాల్ చేశాడు. ఇక్కడ రాత్రి పదిన్నర, అక్కడ మధ్యాహ్నం పన్నెండు. "ఒరేయ్, నువ్వు ఈసీఈయే కదా, ఏదో ఒకటి చెప్పు" అన్నాడు.

లోపల ఏం జరుగుతుంది?

పియానోకి 88 మెట్లు. ఒక్కో మెట్టూ త్రాసు కడ్డీలా మధ్యలో ఆని ఉంటుంది. వెనక కొస కింద ఒక సొలినాయిడ్. దానికి కరెంటు అందగానే లోపలి ఇనుప కడ్డీ పైకి లేచి మెట్టు వెనక భాగాన్ని నెడుతుంది. ముందు భాగం కిందికి దిగుతుంది, సుత్తి తీగని కొడుతుంది. శబ్దం నిజమైన తీగదే, స్పీకర్‌ది కాదు.

ఏ మెట్టు ఎప్పుడు కదలాలో చెప్పేది మిడి అనే భాష. 1983 నుంచి వాడుకలో ఉంది. ప్రతి మెట్టుకీ ఒక నంబరు: అన్నిటికన్నా కింది స్వరం 21, పై స్వరం 108. ఎంత బలంగా నొక్కాలో 1 నుంచి 127 లోపు ఇంకో అంకె. కంట్రోలర్ ఈ అంకెలు చదివి డ్రైవర్ బోర్డులకి చెప్తుంది. అవి పల్స్ వెడల్పు మార్చి సొలినాయిడ్‌కి వెళ్ళే కరెంటుని పెంచుతాయి, తగ్గిస్తాయి. అంటే ఇదొక గొలుసు: పాట, కంట్రోలర్, డ్రైవర్ బోర్డు, సొలినాయిడ్, మెట్టు, సుత్తి, తీగ. ఏ లంకె తెగిందో కనిపెట్టడమే మన పని.

మూడు పరీక్షలు

ఒకటి: చేత్తో నొక్కి చూడటం. పదహారు మెట్లూ బాగానే పలికాయి. కాబట్టి సుత్తులు, తీగలు క్షేమం.

రెండు: ఎన్ని పోయాయి, ఎక్కడ పోయాయి? ఒక్క మెట్టే కదలకపోతే దాని సొలినాయిడ్‌నో, దానికి కరెంటిచ్చే ట్రాన్సిస్టర్‌నో అనుమానించాలి. అన్నీ ఆగిపోతే ముందు పవర్ సప్లై చూడాలి. వరుసగా ఒక గుంపు పోతే, ఆ గుంపుకి ఉమ్మడిగా ఉన్నదేదో చూడాలి: ఒక బోర్డు, ఒక ఫ్యూజు, ఒక కనెక్టరు. పదహారు సొలినాయిడ్లు కూడబలుక్కుని ఒకేరోజు చచ్చిపోవు కదా!

మూడు: మిడి అవుట్‌ని లాప్‌టాప్‌కి కలిపి పాట ప్లే చేయించాను. పియానోలో కదలని 37 నుంచి 52 నంబర్ల స్వరాలు తెరమీద చక్కగా వచ్చాయి. అంటే పాట, కంట్రోలర్ బాగున్నాయి. జబ్బు వాటి తర్వాత ఉంది. రీసెట్ చేసినా ఆ మెట్లు కదలవు, పాటలు మాత్రం పోతాయి.

ఈ పరీక్షలో ఇంకో లాభం దొరికింది. ప్లే అవుతున్నంతసేపూ లాప్‌టాప్‌లో రికార్డు చేస్తే పాట భద్రంగా ఫైలైపోతుంది. బాబాయ్ రెండు సాయంత్రాలు కూర్చుని నలభై పాటలూ దించాడు. గదిలో సగం పాటే వినిపిస్తున్నా ఫైల్లో మాత్రం మొత్తం ఉంది. "అయితే దాని ఎడమచెయ్యి ఎక్కడికీ పోలేదన్నమాట" అంది పిన్ని.

ఒక హెచ్చరిక. మెట్టు ఏదైనా కిందికి దిగి అలాగే ఉండిపోతే వెంటనే ప్లగ్ తీసేయాలి. కరెంటు ఆగకుండా వెళ్తే కాయిల్ వేడెక్కిపోతుంది. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో చార్జ్ మిగిలి ఉండొచ్చు. అందుకే పెట్టె విప్పే పని మేం టెక్నీషియన్‌కే వదిలేశాం.

సపోర్ట్ వాళ్ళతో మాట్లాడటం

మొదట ఫోనెత్తే మనిషి ముందు ఒక ప్రశ్నల జాబితా ఉంటుంది. దాంట్లో రీసెట్ ఉంటే రీసెట్టే చెప్తాడు. అతని మీద అరిచి లాభం లేదు. ఆ జాబితా దాటి మన సమస్య ఇంజనీర్ దాకా వెళ్ళాలంటే, "పని చేయట్లేదు" అనే మాట చాలదు. పాత ఫిర్యాదు నంబరు మీదే మేం ఇలా రాశాం:

"మోడల్, సీరియల్ నంబర్లు ఇవి. జూన్ మొదటి వారం నుంచి 37–52 మెట్లు ప్లేబ్యాక్‌లో కదలడం లేదు. చేత్తో నొక్కితే పలుకుతున్నాయి. మిడి అవుట్‌లో ఆ స్వరాలు వస్తున్నాయి, వీడియో జతచేశాం. మే నెలలో ఫ్లోరింగ్ పని కోసం పియానోని పక్క గదిలోకి జరిపాం. మా ప్రశ్న ఒక్కటే: ఈ పదహారింటికీ ఉమ్మడిగా ఉన్న భాగం ఏది?"

మూడు రోజులకి వేరే ఇంజనీర్ దగ్గర్నుంచి జవాబొచ్చింది. "రీసెట్ అవసరం లేదు. ఆ గుంపుకి ఒకే డ్రైవర్ బోర్డు. జరిపారు కాబట్టి ముందు దాని కనెక్టర్ చూడాలి." టెక్నీషియన్ వచ్చి చూస్తే కనెక్టర్ సగం ఊడి ఉంది. గట్టిగా నొక్కి, మిగతావి కూడా సరిచూసి వెళ్ళాడు. విజిట్ చార్జీ తప్ప విడిభాగాల ఖర్చేమీ లేదు.

మీకు ఏ వస్తువు విషయంలోనైనా ఎవరైనా "రీసెట్ చేయండి" అంటే రెండు ప్రశ్నలు అడగండి. "దీనివల్ల ఏమేం పోతాయి?" "ఏ లక్షణం చూసి ఇది చెప్తున్నారు?" రెండోదానికి సరైన జవాబు రాకపోతే, బటన్ నొక్కకుండా ముందు బ్యాకప్ తీసుకోండి.