గోలు కంటే కొలువే గురి
ఉక్కునగరంలో కళాశాల ఫుట్‌బాల్ ఆశలు, అంచనాలు

వైశాలీ నగర్ (భిలాయ్): కళాశాలల్లో ప్రవేశాలు ముగిసి, వర్షాలు తగ్గుముఖం పట్టే వేళకు ఛత్తీస్‌గఢ్‌లోని ఉక్కునగరం భిలాయ్‌లో ఫుట్‌బాల్ అభిమానుల నోట ఏటా ఒకే చర్చ వినిపిస్తుంది. పాఠశాల జట్లలో రాణించిన కుర్రవాళ్లలో ఎవరు ఏ కళాశాలలో చేరారు? విశ్వవిద్యాలయ జట్టులో ఎవరికి చోటు దక్కుతుంది? రానున్న సీజన్‌లో ఏ జట్టు బలమెంత? ఆట గురించిన ఈ మూడు ప్రశ్నల వెనుక నాలుగో ప్రశ్న ఒకటి ఉంది. ఈ బంతి చివరికి ఉద్యోగం తెచ్చిపెడుతుందా? అభిమానులకు మొదటి మూడు ప్రశ్నలే ముఖ్యం కావచ్చు గాని, ఆటగాళ్ల కుటుంబాలకు నాలుగోదే ప్రాణప్రదం.

ఉక్కు కర్మాగారపు సెక్టార్లకు వెలుపల పెరిగిన నివాస ప్రాంతం వైశాలీ నగర్. 2008 నుంచి ఇదే పేరుతో శాసనసభ నియోజకవర్గం కూడా ఉంది. ఇందిరాగాంధీ ప్రభుత్వ స్నాతకోత్తర కళాశాల ఇక్కడిదే. కర్మాగారంలో శాశ్వత ఉద్యోగం, సెక్టారులో క్వార్టరు గల కుటుంబాలకూ, వెలుపలి బస్తీలలో ఉండి అవకాశం కోసం ఎదురుచూసే కుటుంబాలకూ మధ్య గల తేడా ఇక్కడివారికి చెప్పకుండానే తెలుసు. ఆ తేడాను దాటించగల కొద్దిపాటి మార్గాలలో ఆట ఒకటి.

తెలుగువారి ఊరు కూడా

సోవియట్ యూనియన్ సహకారంతో భిలాయ్ ఉక్కు కర్మాగారాన్ని నెలకొల్పేందుకు 1955 ఫిబ్రవరిలో ఒప్పందం కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. అప్పటికి మూడు దశాబ్దాల కిందటే, 1931లో, రాయపూర్ - విజయనగరం రైలు మార్గం పూర్తయి ఉండడంతో ఉత్తరాంధ్ర జిల్లాల వారికి ఈ ప్రాంతం దూరమనిపించలేదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు భిలాయ్‌లో నేడు మూడో తరం నడుస్తోంది. సెక్టార్-5లోని బాలాజీ ఆలయం వారి ఉనికికి గుర్తు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, మైదానంలో రెండూ కలిపి మాట్లాడే కుర్రవాళ్లు ఇక్కడి జట్లకు కొత్త కాదు.

కర్మాగారంతోపాటే మైదానాలూ వచ్చాయి. పంత్ స్టేడియం, జయంతి స్టేడియం పేర్లు ఇక్కడ అందరికీ పరిచితాలు. భారత ఉక్కు ప్రాధికార సంస్థ (సెయిల్) తన కర్మాగారాల ఊళ్లలో క్రీడా అకాడమీలను నెలకొల్పింది. అయితే ఆ పంపకంలో హాకీ రూర్కెలాకు, ఫుట్‌బాల్ బొకారోకు దక్కగా, భిలాయ్ వంతుకు అథ్లెటిక్స్ వచ్చింది. అందువల్ల భిలాయ్‌లో ఫుట్‌బాల్ ఆడదలచిన కుర్రవాడికి పాఠశాల, స్థానిక క్లబ్బు, ఆపై కళాశాల - ఇవే మెట్లు.

ఎంపిక పత్రం విలువ

కళాశాల ఫుట్‌బాల్‌కు ఇంత ప్రాధాన్యం ఎందుకు? సమాధానం ఆట నియమాల్లో లేదు, ప్రభుత్వ ఉత్తర్వుల్లో ఉంది. కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ 1980 ఆగస్టు 4న జారీ చేసిన ఉత్తర్వులు ప్రతిభావంతులైన క్రీడాకారులను పోటీ పరీక్షలతో నిమిత్తం లేకుండా కింది శ్రేణి ఉద్యోగాలలో నియమించే వీలు కల్పించాయి. దేశానికో, రాష్ట్రానికో ఆడినవారితోపాటు, అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో తమ విశ్వవిద్యాలయానికి ప్రాతినిధ్యం వహించిన వారిని, జాతీయ పాఠశాలల క్రీడల్లో రాష్ట్ర జట్టుకు ఆడినవారిని కూడా ఈ నిబంధనలు అర్హులుగా గుర్తించాయి. అర్హత గల క్రీడల జాబితాను 2020లో 43 నుంచి 63కు పెంచారు. ఫుట్‌బాల్ అందులో మొదటి నుంచీ ఉన్నదే.

దీని అర్థం స్పష్టం. భారత జట్టుకు ఆడడం లక్షల్లో ఒకరికి దక్కే భాగ్యం. రాష్ట్ర జట్టులో చోటు కూడా అందరికీ అందేది కాదు. సామాన్య కుటుంబం నుంచి వచ్చిన విద్యార్థికి అందుబాటులో ఉన్న మెట్టు విశ్వవిద్యాలయ జట్టే. ఆ జట్టులో ఆడినట్లు ధ్రువీకరించే కాగితం డిగ్రీ పట్టాతో సమానంగా, కొన్ని సందర్భాల్లో అంతకు మించి, పనికివస్తుంది. అది ఉన్నంత మాత్రాన ఉద్యోగం వచ్చి తీరుతుందన్న హామీ లేదు. అది లేకపోతే మాత్రం దరఖాస్తుకే దారి లేదు.

విశ్వవిద్యాలయం కింద పదుల సంఖ్యలో కళాశాలలు ఉంటాయి. జట్టు మాత్రం ఒక్కటే. 1964లో ఏర్పడిన రాయపూర్‌లోని పండిత రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం పరిధిలోనే దీర్ఘకాలం దుర్గ్, భిలాయ్ కళాశాలలు ఉండేవి. 2015లో దుర్గ్‌లో ప్రత్యేక విశ్వవిద్యాలయం ఏర్పడింది. హేమ్‌చంద్ యాదవ్ విశ్వవిద్యాలయంగా ప్రస్తుతం పిలుస్తున్నది దీనినే. సాంకేతిక కళాశాలలకు భిలాయ్ కేంద్రంగా 2005లోనే ఛత్తీస్‌గఢ్ స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పాటైంది. పాలనా సౌలభ్యం కోసం చేసిన ఈ విభజనలు ఫుట్‌బాల్ ఆటగాళ్లకు అనుకోని మేలు చేశాయని చెప్పాలి. లోగడ ఒకే జట్టులో చోటుకు రాయపూర్ కుర్రవాళ్లతో పోటీ పడవలసి వచ్చిన వారికి ఇప్పుడు వేర్వేరు జట్లలో తలుపులు తెరుచుకున్నాయి.

ఈ కారణంగానే పన్నెండో తరగతి పూర్తయిన ఆటగాడు ఏ కళాశాలలో చేరాలన్నది చదువుకు సంబంధించిన నిర్ణయం మాత్రమే కాదు. వ్యాయామ ఉపాధ్యాయుడు ఉన్నాడా, మైదానం ఉందా, హాజరు విషయంలో పట్టువిడుపులు ఉంటాయా, ఎంపిక పోటీలకు పంపుతారా అన్నవి ఇంటిల్లిపాదీ తర్కించే అంశాలు. అభిమానుల అంచనాలు కూడా ఈ లెక్కల మీదనే ఆధారపడతాయి. గోల్‌కీపరు డిగ్రీ పూర్తిచేసి వెళ్లిపోతే వెనుక నిలిచేదెవరు, నిరుటి జట్టులో మిగిలినవారెందరు అన్న ప్రశ్నలతోనే సీజన్ భవిష్యత్తు తేలుతుంది.

హైదరాబాద్ చూపిన దారి

ఆటకు కొలువును జతచేసే పద్ధతి తెలుగువారికి కొత్త కాదు. ఉపాధ్యాయుడుగా జీవితం ప్రారంభించిన సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పును గెలుచుకుంది. ఆటగాళ్లకు పోలీసు శాఖ ఉద్యోగమిచ్చింది, వారు శాఖకు కీర్తి తెచ్చారు. రహీం శిక్షణలోనే భారత జట్టు 1951, 1962 ఆసియా క్రీడల్లో స్వర్ణ పతకాలు సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది.

సికింద్రాబాద్ సమీపంలోని అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం 1957లో కలకత్తా చేరి ఈస్ట్ బెంగాల్‌కు ఆడారు. చివర బెంగాల్ నాగపూర్ రైల్వే జట్టులో చేరారు. దుర్గ్ మీదుగా సాగే ప్రధాన రైలు మార్గం ఒకప్పుడు ఈ రైల్వేదే కావడం విశేషం. ఆయన సమకాలికుడు పి.కె.బెనర్జీ పెద్ద క్లబ్బుల పిలుపులకు లొంగక ఈస్టర్న్ రైల్వేకే ఆడి, 1958లో ఆ జట్టు కలకత్తా లీగ్ గెలవడంలో ముఖ్యపాత్ర వహించారు. ఆ తరానికి రైల్వే కొలువు అంటే ఆట ముగిసిన తర్వాత కూడా బతుకుకు భరోసా.

ఈ సంప్రదాయం ఇప్పటికీ సజీవంగానే ఉన్నదనడానికి హైదరాబాదే మళ్లీ వేదికయింది. 2024 డిసెంబరు 31న గచ్చిబౌలి స్టేడియంలో జరిగిన సంతోష్ ట్రోఫీ ఫైనల్లో పశ్చిమ బెంగాల్ 1-0తో కేరళను ఓడించింది. ఇంజురీ టైమ్‌లో రాబీ హన్స్‌డా చేసిన గోలు ఆ జట్టుకు 33వ టైటిల్ తెచ్చిపెట్టింది. జట్టు సభ్యులకు ఉద్యోగాలు ఇస్తున్నట్లు కొద్ది రోజులకే ఆ రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. ఈ వార్త భిలాయ్ వంటి ఊళ్లలో గోలు కంటే ఎక్కువ ఆసక్తిని రేకెత్తించిందంటే ఆశ్చర్యం లేదు.

తగ్గుతున్న ఖాళీలు

అయితే ఇచ్చే చేతులే తగ్గిపోతున్నాయి. 1990ల చివరలో లక్షన్నరకు పైబడిన సెయిల్ ఉద్యోగుల సంఖ్య 2024 నాటికి 60 వేల లోపునకు పడిపోయింది. ఉత్పత్తి తగ్గలేదు, శాశ్వత ఉద్యోగాలే తగ్గాయి. భారతీయ రైల్వేలకు పట్టాలు సరఫరా చేసే భిలాయ్ కర్మాగారంలోనూ తాత గారికి దొరికిన కొలువు మనవడికి దొరకడం గగనమైంది. క్రీడల కోటా అనేది మొత్తం ఖాళీలలో ఒక చిన్న వంతు. ఖాళీలే కుదించుకుపోతే వంతు ఎంతని అడిగి ప్రయోజనం లేదు.

ప్రైవేటు రంగం ఈ లోటును పూడ్చలేదు. ఒకప్పుడు దేశంలో అగ్రశ్రేణి జట్లుగా వెలుగొందిన మహీంద్రా యునైటెడ్ 2010లో, పగ్వాడాకు చెందిన జె.సి.టి. 2011లో మూతపడ్డాయి. 1996లో మొదలైన జాతీయ లీగ్‌లో తొలి విజేత జె.సి.టి. కావడం గమనార్హం. 2014లో ఇండియన్ సూపర్ లీగ్ రాకతో ఆటగాళ్ల వేతనాలు పెరిగిన మాట వాస్తవమే. కాని ఆ లీగ్ నిలకడ మీదనే 2025లో అనుమానాలు తలెత్తాయి. వాణిజ్య హక్కుల ఒప్పందంపై స్పష్టత కొరవడి ఆ ఏడాది జూలైలో సీజన్‌ను నిలిపివేశారు. చివరకు 14 క్లబ్బులతో 2026 ఫిబ్రవరి 14న ప్రారంభిస్తామన్న ప్రకటన ఆ ఏడాది జనవరిలో గాని వెలువడలేదు. 2022 మార్చిలో లీగ్ విజేతగా నిలిచిన హైదరాబాద్ ఎఫ్.సి. ఈలోగా చేతులు మారి, 2025లో ఢిల్లీకి తరలి వేరే పేరు పెట్టుకుంది. పెద్ద క్లబ్బు ఊరే మారిపోగలిగినప్పుడు, ప్రభుత్వ కొలువు వైపు తల్లిదండ్రులు మొగ్గు చూపడాన్ని తప్పుపట్టలేము.

అమెరికాలో వేరు లోకం

ఇదే సమయంలో అమెరికాలో కళాశాల ఫుట్‌బాల్ పూర్తిగా మరో దిశలో సాగుతోంది. అక్కడ ఫుట్‌బాల్ అంటే చేతితో పట్టి పరుగుతీసే వేరే ఆట. ఉన్నత పాఠశాలలో ఉండగానే ఆటగాళ్లకు నక్షత్రాల లెక్కన స్థాయి నిర్ణయిస్తారు. ఎవరు ఏ విశ్వవిద్యాలయానికి సంతకం చేస్తారన్న విషయమై అభిమానులు నెలల తరబడి వాదించుకుంటారు. మిషిగన్ విశ్వవిద్యాలయ స్టేడియంలో లక్షకు పైగా ప్రేక్షకులు కూర్చోగలరు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలకు ఈ సంబరం ఇప్పుడు సొంత సంబరమే.

దీర్ఘకాలం పాటు ఆ ఆటగాళ్లకు దక్కింది ఉపకార వేతనం మాత్రమే. 2021 జూలై 1 నుంచి తమ పేరు, ముఖచిత్రాల వాణిజ్య వినియోగం ద్వారా ఆర్జించుకునేందుకు వారికి అనుమతి లభించింది. 2025 జూన్ 6న న్యాయస్థానం ఆమోదించిన రాజీ ఒప్పందంతో విశ్వవిద్యాలయాలే ఆటగాళ్లకు నేరుగా చెల్లించే వీలు కలిగింది. మొదటి ఏడాదికి ఒక్కో విశ్వవిద్యాలయం అన్ని క్రీడలకూ కలిపి చెల్లించదగిన గరిష్ఠ మొత్తం సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు, అంటే దాదాపు 175 కోట్ల రూపాయలు. అక్కడ కళాశాల జట్టే సంపాదన. ఇక్కడ కళాశాల జట్టు సంపాదనకు దరఖాస్తు మాత్రమే.

కొత్త పోటీ, కొత్త ఆశ

భిలాయ్ కుర్రవాళ్లకు రాష్ట్రంలోనే కొత్త పోటీదారులు వస్తున్నారు. బస్తర్ ప్రాంతంలోని నారాయణపూర్ రామకృష్ణ మిషన్ ఆశ్రమం గిరిజన బాలబాలికలకు ఫుట్‌బాల్ నేర్పుతోంది. 20 ఏళ్ల లోపు పురుషుల జాతీయ ఛాంపియన్‌షిప్‌కు 2024లో ఆతిథ్యమిచ్చింది ఆ ఊరే. హింసకు సంబంధించిన వార్తల్లోనే పేరు వినిపించే జిల్లాకు దేశం నలుమూలల నుంచి జట్లు రావడం చిన్న విషయం కాదు. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా విశ్వవిద్యాలయ క్రీడలు సైతం కళాశాల ఆటగాళ్లకు అదనపు వేదిక కల్పించాయి.

రానున్న సీజన్‌లో విశ్వవిద్యాలయ జట్టు ఎంతవరకు వెళ్లగలదన్న విషయంలో అభిమానుల అంచనాలు ఎప్పటిలాగే రెండుగా చీలుతాయి. జోన్ దశ దాటితే చాలుననేవారు కొందరు, కేరళ విశ్వవిద్యాలయాల వంటి బలమైన జట్లకు ఎదురొడ్డి నిలిస్తేనే పేరు అనేవారు మరికొందరు. మైదానంలో ఆడే పద్దెనిమిదేళ్ల కుర్రవాడి గురి మాత్రం అంతకంటే దగ్గర్లో ఉంది. ఎంపిక జాబితాలో తన పేరు ఉండాలి. ఆ తర్వాత, డిగ్రీ చేతికి వచ్చే నాటికి, ఎక్కడో ఒక కార్యాలయంలో క్రీడల కోటా కింద ఒక ఖాళీ ప్రకటన వెలువడాలి. మొదటిది అతని కాళ్లలో ఉంది. రెండోది అతని చేతిలో లేదు.