ఢిల్లీ కాలేజీ ప్రాచ్యశాఖ

ఢిల్లీలో అజ్మేరీ దర్వాజా బయట గాజీయుద్దీన్ మదరసా భవనంలో 1825లో ఢిల్లీ కాలేజీ ఏర్పడింది. 1828లో ఇంగ్లీషు తరగతులు చేరాయి. అయినా కాలేజీకి కీర్తి తెచ్చింది అరబీ, ఫారసీ, సంస్కృతం బోధించే ప్రాచ్యశాఖే. ఇంగ్లీషు రాని విద్యార్థి కూడా అక్కడ గణితం, ఖగోళం, చరిత్ర ఉర్దూలో నేర్చుకొనేవాడు.

మరి పాఠ్యగ్రంథాలు ఏవి? 1840లలో ప్రిన్సిపాల్ బూత్రో హయాంలో అనువాద సంఘం ఆ పనికి పూనుకొంది. ఉపాధ్యాయులతోపాటు విద్యార్థులూ కలం పట్టారు. అరబీ బోధకులు మౌల్వీ మమ్లూక్ అలీ యూక్లిడ్ రేఖాగణితాన్ని ఉర్దూలోకి తెచ్చారు. ధార్మిక విద్యకూ లెక్కలకూ పొసగదనుకొనేవారు ఒక్క సంగతి గమనించాలి: దేవబంద్ మదరసా స్థాపకులలో ఒకరైన మౌలానా ఖాసిం నానౌతవీ (రహ్మలై) ఈయన శిష్యులే. గణితోపాధ్యాయుడు మాస్టర్ రామచంద్ర 1845లో ‘ఫవాయిదున్నాజిరీన్’ పత్రిక ప్రారంభించి, విజ్ఞాన విషయాలను తేట ఉర్దూలో వివరించారు. నజీర్ అహ్మద్, ముహమ్మద్ హుసేన్ ఆజాద్, జకావుల్లా ఈ తరగతి గదుల నుంచి వచ్చినవారే.

1857 అల్లర్లలో గ్రంథాలయం దోపిడీకి గురైంది. 1864లో తిరిగి తెరిచిన కాలేజీ 1877లో మూతపడింది. నలభై ఏళ్ల తర్వాత, 1917లో, ఉర్దూలో ఉన్నత విద్యకు గ్రంథాలు సమకూర్చేందుకు హైదరాబాదులో దారుత్తర్జుమా వెలసింది. దాని తొలి అధిపతి మౌల్వీ అబ్దుల్ హఖ్. ఢిల్లీ కాలేజీ చరిత్రను గ్రంథస్థం చేసినదీ ఆయనే.