పలుకు మీద వార్చి, చల్లార్చి...

ఆగస్టు 15 ఇటలీలోనూ సెలవే. అగస్టస్ చక్రవర్తి క్రీస్తుపూర్వం 18లో మొదలుపెట్టిన ఆ పండుగ పేరు ఇప్పుడు ఫెర్రాగోస్తో. దుకాణాలు మూసేసి జనం సముద్రతీరాలకు బయల్దేరతారు. వెంట తీసుకెళ్లే డబ్బాల్లో తరచూ కనిపించేది ట్యూనా కలిపిన చల్లటి పాస్తా సలాడ్.

పొయ్యి దగ్గర పని పావుగంటే. త్వరగా అయ్యేదే కదా అని అశ్రద్ధ చేస్తే మాత్రం చప్పటి ముద్ద మిగులుతుంది. వేడిగా ఉన్నప్పుడు సరిపోయిన ఉప్పు చల్లారాక నాలుకకు ఆనదు. అందుకే రుచి ఉడికే నీళ్లలోనే మొదలవ్వాలి. నలుగురికి 320 గ్రాముల పాస్తా, 3 లీటర్ల నీళ్లు, 30 గ్రాముల ఉప్పు. మెలికలు తిరిగిన ఫుసిల్లీ అయితే సందుల్లో నూనె, చేప తునకలు చిక్కుకుంటాయి. ప్యాకెట్ మీద డ్యూరమ్ గోధుమ రవ్వ అని ఉందో లేదో చూసుకోండి. ఎండు పాస్తాను ఆ గోధుమతోనే చేయాలని ఇటలీ 1967లో చట్టమే చేసింది. ఉడికినా ఆకారం చెదరదు.

ప్యాకెట్ మీది సమయానికి ఒక నిమిషం ముందే ఒక ముక్క కొరికి చూడండి. నడిమధ్యలో సన్నటి తెల్లచుక్క కనిపిస్తే పలుకు మీద ఉన్నట్టు. వెంటనే వార్చేసి, పులిహోరకు అన్నం ఆరబెట్టినట్టే వెడల్పాటి పళ్లెంలో పరిచి, చెంచాడు ఆలివ్ నూనె కలిపి ఫ్యాన్ కింద పెట్టండి. చన్నీళ్లతో కడిగేవాళ్లూ ఉన్నారు. నాకది నచ్చదు. ఉప్పుతో పాటు పైనున్న గంజి కూడా పోయి, తర్వాత వేసేదేదీ పట్టదు.

ఇక చేప. సిసిలీ పక్కనున్న ఫవిన్యానా దీవిని, దాని చుట్టుపక్కల దీవుల్ని 1874లో ఇగ్నాజియో ఫ్లోరియో అనే వ్యాపారి కొన్నాడు. ఉడికించిన ట్యూనాను నూనెలో ముంచి డబ్బాలకెత్తిన అక్కడి కర్మాగారం ఇప్పుడు మ్యూజియం. మనం కొనేటప్పుడూ నూనెలో నిలవ చేసిందే తీసుకోవాలి. నీళ్లలోది పీచులా ఉంటుంది. 160 గ్రాములు చాలు. నూనె వంచేసి పెద్ద పెద్ద తునకలుగా విడదీయండి, మెదపొద్దు.

చెర్రీ టొమాటోలు పావుకిలో సగానికి కోసి, ఉప్పు చల్లి పది నిమిషాలు వదిలేస్తే రసం ఊరుతుంది. ఆ రసం, నిమ్మరసం, ఆలివ్ నూనె కలిస్తే అంతకు మించిన పులుసు అక్కర్లేదు. అమెరికాలో వేసే మయోనైజ్ ఈ రుచులన్నిటినీ కప్పేస్తుందని నా అభిప్రాయం. ఆలివ్ కాయలు గుప్పెడు, ఉప్పు కడిగేసిన కేపర్లు (ఉప్పులో ఊరబెట్టిన మొగ్గలు) చెంచాడు వేసి అన్నీ కలిపి అరగంట ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్ చల్లదనానికి పాస్తా బిరుసెక్కుతుంది కాబట్టి తినడానికి పావుగంట ముందే బయటికి తీయాలి. బేసిల్ ఆకు అప్పుడే తుంచి వేయండి, ముందే వేస్తే నల్లబడుతుంది.

విశాఖ రేవులో దొరికే రెక్క సూర కూడా ట్యూనాయే. తాజాది దొరికితే డబ్బా అక్కర్లేదు. ముక్కల్ని ఉప్పునీళ్లలో సన్నసెగన ఉడికించి, తడి అద్ది, నూనె పోసి ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో వాడేయండి. చేపను మాత్రం ఐసులోనే ఇంటికి తేవాలి. వెచ్చగా ఉంటే దాంట్లో హిస్టమిన్ పెరుగుతుంది, ఎంత ఉడికించినా అది పోదు.